తాలిబాన్: పెంచిందెవరు? నింద ఎవరికి?

గత నెల జుమా నమాజు ముగించుకొని వస్తుండగా మా వీధి కుర్రవాడొకడు తల వంచుకొని నడుస్తూ కనిపించాడు. ఈ మధ్యే గడ్డం పెంచాడు. కళాశాలలో తోటివారు ‘తాలిబాన్’ అని పిలుస్తున్నారట. “దాదా, వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్ల తరఫున నేనేం జవాబు చెప్పాలి?” అని అడిగాడు.

ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపినవాణ్ణి. ఏ పని జరిగినా ఉత్తర్వు ఎవరిది, సొమ్ము ఎవరిది అని చూడటం నా అలవాటు. ఈ చరిత్రనూ అలాగే చూద్దాం.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించాయి. వాటితో పోరాడే ముజాహిదీన్లకు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ధనం, ఆయుధాలు సమకూర్చింది. అమెరికా ఎంత ఇస్తే సౌదీ అరేబియా అంత జోడించింది. పంపిణీ పాకిస్తాన్‌కు చెందిన ఐఎస్ఐ చేతుల మీదుగా సాగింది. 1983లో అధ్యక్షుడు రీగన్ ఆ యోధుల ప్రతినిధులను శ్వేతసౌధంలో కలుసుకున్నాడు. చివరికి పిల్లల చదువును కూడా వదలలేదు. అమెరికా సహాయ నిధులతో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ద్వారా తయారైన పాఠ్యపుస్తకాలు తుపాకులు, తూటాల బొమ్మలతో లెక్కలు నేర్పాయి.

1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు వెనుదిరిగాయి. పోషకుల ఆసక్తీ చల్లారింది. 1992 తర్వాత ముజాహిదీన్ వర్గాలు తమలో తాము పోరాడి కాబూల్‌ను శిథిలం చేశాయి. ఆ శిథిలాల్లోంచే 1994లో కాందహార్‌లో ముల్లా ఒమర్ నాయకత్వాన తాలిబాన్ తలెత్తింది. ఆ పేరుకు అర్థం విద్యార్థులని. వారిలో అనేకులు పాకిస్తాన్ శరణార్థి శిబిరాల్లో, సరిహద్దు మదరసాల్లో పెరిగినవారు. మధ్య ఆసియాకు వర్తక మార్గం కోరుకున్న బేనజీర్ భుట్టో ప్రభుత్వం, ఆమె హోం మంత్రి నసీరుల్లా బాబర్ వారికి అండగా నిలిచారు. 1996 సెప్టెంబరులో కాబూల్ వారి వశమైంది. 1997లో పాకిస్తాన్, సౌదీ అరేబియా, యూఏఈ వారి ప్రభుత్వాన్ని గుర్తించాయి. అదే ఏడాది గ్యాస్ పైపులైను కోసం యూనోకాల్ అనే అమెరికా చమురు కంపెనీ తాలిబాన్ ప్రతినిధులకు టెక్సాస్‌లో ఆతిథ్యమిచ్చింది.

ఇన్ని సంతకాలలో కర్నూలు, గుంటూరు, హైదరాబాదు ముస్లిముల సంతకం ఎక్కడుంది? దేవబంద్ పేరు ఎత్తేవారున్నారు. తాలిబాన్ నాయకులెందరో చదివిన అకోరా ఖటక్ మదరసా స్థాపకుడు దేవబంద్‌లో పనిచేసినవాడే. అయితే ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని 2008 ఫిబ్రవరిలో అదే దేవబంద్ ప్రకటించింది. ఆ ఏడాది నవంబరులో మన హైదరాబాదులోనే వేలాది ఉలమా ఆ మాటను బలపరిచారు. 2025 అక్టోబరులో తాలిబాన్ విదేశాంగ మంత్రికి ఢిల్లీ స్వాగతం పలికింది. ప్రభుత్వాలు అవసరాన్నిబట్టి చేతులు కలుపుతాయి. నింద మాత్రం గడ్డం పెంచిన కుర్రవాడిదవుతుంది.

అయితే అంతా విదేశీ కుట్ర అని ఫైలు మూసేయడం కూడా న్యాయం కాదు. సొమ్ము ఎవరిదైనా కొరడా పట్టిన చేయి తాలిబాన్‌దే. 1998లో మజారె షరీఫ్‌లో ఊచకోతకు గురైన హజారాలు ముస్లిములు. 2014లో పెషావర్ పాఠశాలలో పాకిస్తానీ తాలిబాన్ చంపిన 130కి పైగా పిల్లలూ మన పిల్లల వంటివారే. 2021లో తిరిగి అధికారానికి వచ్చినవారు ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూశారు. ‘చదువు’ అన్న ఆజ్ఞతో అవతరణ మొదలైన గ్రంథాన్ని నమ్మేవారు చేయదగిన పనేనా ఇది?

మన ఆడపిల్లను హిజాబ్ కారణంగా కళాశాల గుమ్మంలో ఆపితే హక్కు అని నిలదీస్తాం. కాబూల్ ఆడపిల్లను గుమ్మం దాటనివ్వకపోతే మౌనం వహిస్తే, మన హక్కుల మాటకు విలువేముంటుంది?

ఆ కుర్రవాడికి ఇదే చెప్పాను: “నీవు సంజాయిషీ చెప్పనవసరం లేదు. కానీ చరిత్ర చదువు. అన్యాయాన్ని అన్యాయమని చెప్పు. అది వారడిగినందుకు కాదు, నీ దీన్ అడుగుతున్నందుకు.”