ఉసిరి పూజకు ప్రయోగశాల ప్రమాణమా?

కార్తిక మాసంలో గుడివాడ మొదలు దివిసీమ వరకు తోటలలో ఉసిరి చెట్టు నీడన పూజలు, వనభోజనాలు సాగుతాయి. పున్నమినాడు భక్తులు చిలకలపూడి పాండురంగని దర్శించి, మంగినపూడిలో సముద్రస్నానం ఆచరిస్తారు. ఇటీవల ఈ ఆచారానికి ఒక క్రొత్త సమర్థన తోడైంది. ఉసిరి, కరక్కాయ, తులసి సారాలు మానవకణాలను ఆక్సీకరణం నుండి కాపాడుతాయని ప్రయోగశాలలు తేల్చాయి కనుక పూర్వుల పూజ శాస్త్రసమ్మతమని ఆ వాదం. భక్తికి బలమిచ్చేదిగా తోచినా, అది భక్తినీ వైద్యాన్నీ కూడ దుర్బలం చేస్తుంది.

కణంలో శ్వాసక్రియ జరిగేటప్పుడు చంచలమైన ఆక్సిజన్ రూపాలు పుట్టి, కొవ్వులనూ, మాంసకృత్తులనూ, జన్యుపదార్థాన్నీ దెబ్బతీస్తాయి. ఉసిరి, కరక్కాయలలోని టానిన్లు ఎలక్ట్రాన్లనిచ్చి వాటిని శాంతింపజేస్తాయి. ఈ టానిన్లు మచిలీపట్నానికి క్రొత్తవి కావు. కలంకారీ వస్త్రాన్ని కరక్కాయ ద్రావణంలో నానబెట్టేది వాటికోసమే. ఇనుముతో కలిసి నల్లరంగునిచ్చేవీ అవే. వస్త్రంపై నిలిచిన గుణం దేహంలోనూ అట్లే నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

గాజుపాత్రలోని కణాలపై కనబడినది ఆ పాత్ర వరకే ప్రత్యక్షం. దానిని దేహానికి వర్తింపజేయడం అనుమాన ప్రమాణం; దానికి నిరుపాధికమైన వ్యాప్తి కావాలి. ఇక్కడ ఉపాధులు అనేకం. పాత్రలో సారం నేరుగా కణాన్ని తాకుతుంది. నోట తీసుకొన్నది ప్రేగులలోనూ కాలేయంలోనూ రూపాంతరం చెంది, స్వల్పాంశమే రక్తంలో చేరుతుంది. పైగా ఆక్సీకారకాలు దేహానికి కేవలం శత్రువులు కావు. తెల్లరక్తకణాలు సూక్ష్మజీవులను సంహరించేది వాటి సాయంతోనే. ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిగి 1994లో ప్రకటితమైన పరీక్షలో, రక్షిస్తుందని ఆశించిన బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల కేన్సరు 18 శాతం అధికంగా కనబడింది.

ఇది ఆయుర్వేద నింద కాదు. చరకసంహిత చికిత్సాస్థానం ప్రథమాధ్యాయమే కరక్కాయనూ ఉసిరికనూ రసాయనాలుగా కీర్తించింది. అయితే ముందు దేహశుద్ధిని విధించింది. ఆ అధ్యాయంలోనే ఆచార రసాయనం ఉంది: సత్యం, అక్రోధం, అహింస, దానం, మితమైన నిద్రాజాగరణలు. సీసాలోని సారం వీటికి ప్రత్యామ్నాయం కాదు.

శ్రుతి ప్రామాణ్యం ప్రత్యక్షాది ప్రమాణాలకు అందని విషయంలోనేనని శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో నిర్ణయించారు. ఔషధగుణం పరీక్షకు అందే విషయం. దానిని పరీక్షే తేల్చాలి. పూజాఫలం చిత్తశుద్ధి, దానికి టానిన్ల సాక్ష్యం అక్కరలేదు. నేటి ప్రయోగంపై నిలిపిన పూజ రేపటి ప్రయోగంతో కూలుతుంది. ఉసిరిచూర్ణాన్ని నమ్మి మధుమేహ ఔషధం మానివేసిన భక్తుని నేత్రాలకూ మూత్రపిండాలకూ కలిగే హాని మాత్రం తిరిగి పూడదు.

కార్తికంలో ఉసిరిక ప్రసాదంగా స్వీకార్యం. రోగానికి వైద్యుడే శరణ్యం. ఈ వివేకం భక్తికి లోపం కాదు, భూషణం.