డైటీషియన్ కావాలంటే ఆన్‌లైన్ కోర్సు చాలదు.. ఆ దారి ఎందుకు మూసేశారు? దెబ్బ ఎవరికి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అంటే కొబ్బరి తోటలు. ఎండన పడి వచ్చిన మనిషికి ఓ బోండాం కొట్టివ్వడం అక్కడ మర్యాద. అదే ఉద్దానం కిడ్నీ జబ్బుకూ పేరు పడింది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఆ బోండామే ప్రాణం మీదకు తెస్తుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. రక్తంలో పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా.

మరి ఫోన్ తెరిస్తే కనిపించేదేంటి? 'రోజూ కొబ్బరి నీళ్లు తాగండి, ఒంటికి మంచిది' అనే రీల్స్. చెప్పేవాళ్ల పేరు కింద 'న్యూట్రిషనిస్ట్' అని ఉంటుంది. వాళ్లేం చదివారు, ఎక్కడ చదివారు అన్నది చూసేవాళ్లకు తెలియదు. ఇన్నాళ్లూ అడిగే నాథుడూ లేడు.

సరిగ్గా ఈ గందరగోళం మీదే కేంద్రం కొరడా తీసింది. న్యూట్రిషన్, డైటెటిక్స్ సహా ఆరోగ్య రంగానికి చెందిన కోర్సులకు దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్త అడ్మిషన్లు తీసుకోవద్దని 2025లో యూజీసీ యూనివర్సిటీలను ఆదేశించింది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచే ఇది వర్తిస్తుందని తేల్చేసింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూడా ఇదే జాబితాలో ఉన్నాయి.

దీని వెనకున్నది 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. డైటీషియన్‌ను, న్యూట్రిషనిస్ట్‌ను వైద్య రంగ వృత్తుల కింద చేర్చిన చట్టం ఇదే. డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టే వీళ్లకూ ఓ రిజిస్టర్ ఉండాలి, రాష్ట్రానికో కౌన్సిల్ ఉండాలి అన్నది దాని సారాంశం. అయితే రాష్ట్రాలు కదల్లేదు. చివరికి 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రెండు నెలల్లో అమలు చేయాలని గడువు పెట్టాల్సి వచ్చింది.

ఇంతకీ 'ఆర్‌డీ' అంటే?

రిజిస్టర్డ్ డైటీషియన్. మన దేశంలో ఈ హోదా ఇస్తున్నది ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్. ఇది 1963లో ఏర్పడిన వృత్తి సంఘం, ప్రభుత్వ శాఖ కాదు. అయినా ఉద్యోగమిచ్చేటప్పుడు పెద్ద ఆసుపత్రులు చూసేది ఈ రెండక్షరాలనే.

అక్కడిదాకా వెళ్లడం మాత్రం చిన్న ప్రయాణం కాదు. ఇంటర్‌ తర్వాత మూడేళ్ల డిగ్రీ. ఆపైన ఎమ్మెస్సీ అయితే రెండేళ్లు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మొత్తం ఐదున్నరేళ్లు. లెక్కేస్తే ఎంబీబీఎస్‌కు పట్టేంత కాలమే! అప్పుడు గానీ ఆర్‌డీ పరీక్ష రాసే అర్హత రాదు. పీజీ డిప్లొమా దారిలో వచ్చేవాళ్లకూ ఇంటర్న్‌షిప్ తప్పదు. ఇంత చేసినా చుట్టాలింట్లో అడిగే ప్రశ్న ఒకటే.. 'ఏముందమ్మా అందులో, అన్నం మానేసి రొట్టె తినమనడమేగా?'

కాదు. ఐసీయూలో ముక్కు ద్వారా గొట్టం వేసిన రోగికి గంటకు ఎన్ని మిల్లీలీటర్ల ఆహారం వెళ్లాలి, అందులో ప్రొటీన్ ఎంత అన్నది డైటీషియన్ లెక్క కడతారు. చాలా రోజులు తిండి లేక చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి ప్రాణం పోవచ్చు. కిడ్నీ రోగికి ఆలుగడ్డ పెట్టాలంటే ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. పొటాషియం కొంత అలా పోతుంది. ఉప్పు తగ్గించాలని షాపులో దొరికే 'లో సోడియం' ఉప్పు వాడితే మళ్లీ మొదటికొస్తుంది. వాటిలో చాలావరకు సోడియం బదులు కలిపేది పొటాషియమే.

ఇదంతా వీడియో పాఠాలు చూస్తే రాదు. వార్డులో రోగి పక్కన నిలబడి, కేస్‌షీట్ చదివి, ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారో, ఏ నూనె వాడతారో కనుక్కుంటే వస్తుంది. ఆ కోణంలో యూజీసీ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కొన్నేళ్ల కిందట తెలుగు రాష్ట్రాల్లో అన్నం మానేసి కొవ్వులు మాత్రమే తినే డైట్ ఎంత ఊపేసిందో గుర్తుంది కదా! షుగర్ మందులు వాడుతున్నవాళ్లు కూడా ఎవరినీ అడక్కుండా దిగిపోయారు.

కానీ రెండో వైపూ చూడాలి. దూరవిద్యలో ఈ చదువు చదివినవాళ్లంతా సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు కారు. ఇగ్నో ఏళ్ల తరబడి డైటెటిక్స్‌లో ఎమ్మెస్సీ నడిపింది. డిగ్రీ అవ్వగానే పెళ్లయి, పిల్లలు పుట్టి, ఏ జగిత్యాలలోనో మదనపల్లెలోనో ఉండిపోయిన అమ్మాయికి పీజీ చేయడానికి మిగిలిన దారి అది. ఇప్పుడు ఆమె రెగ్యులర్ సీటు వెతుక్కోవాలి. అవేమో ఎక్కువగా హైదరాబాద్, తిరుపతి, గుంటూరు లాంటి చోట్లే. హాస్టల్, ఖర్చులు, ఇంట్లో ఒప్పించడం.. ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. స్టైపెండ్ ఇచ్చే ఆసుపత్రులు తక్కువే. థియరీ దూరవిద్యలో ఉంచి, ప్రాక్టికల్స్, ఇంటర్న్‌షిప్ జిల్లా ఆసుపత్రుల్లో తప్పనిసరి చేసి ఉంటే సరిపోయేది. ఒక్క వేటుతో మొత్తం మూసేయడం వల్ల రీల్స్ చేసేవాళ్లకు పోయిందేమీ లేదు. దెబ్బ పడింది నిజంగా చదువుకుందామనుకున్న వాళ్లకే.

విదేశాలకు వెళ్దామనుకునే మన విద్యార్థులకూ రూల్స్ బిగిశాయి. అమెరికాలో ఆర్‌డీ పరీక్ష రాయాలంటే 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ తప్పనిసరి. దాంతోపాటు కనీసం వెయ్యి గంటల పర్యవేక్షణలో ప్రాక్టీస్ చేయాలి. బ్రిటన్‌లో అయితే రిజిస్టర్‌లో పేరు లేకుండా 'డైటీషియన్' అని చెప్పుకోవడమే నేరం.

అవసరం ఎంతుందో?

2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన దేశంలో తినే 528 రకాల ఆహారాల్లో ఏముందో కొలిచి 2017లో పట్టిక విడుదల చేసిందీ ఈ తార్నాక సంస్థే. డైటెటిక్స్ విద్యార్థి చేతిలో ఎప్పుడూ ఉండే పుస్తకం అది. అంటే సరుకు మన ఊళ్లోనే ఉంది. దాన్ని రోగి కంచం దాకా తీసుకెళ్లే మనిషే కరవు.

సర్కారు దవాఖానాల్లో పరిస్థితి చూస్తే ఇది తెలిసిపోతుంది. తెలంగాణ 2022-23 బడ్జెట్‌లో సాధారణ రోగి రోజు భోజనం ఖర్చును 40 రూపాయల నుంచి 80కి, టీబీ, క్యాన్సర్ లాంటి జబ్బులున్నవాళ్లకు 56 నుంచి 112కి పెంచారు. డబ్బు రెట్టింపైంది, మంచిదే. ఆ 80 రూపాయల కంచంలో షుగర్ రోగికి ఏం పెట్టాలి, పక్క మంచం మీదున్న కిడ్నీ రోగికి ఏం పెట్టకూడదు అని వార్డులో నిలబడి చెప్పేదెవరు? పలాసలో 2023 డిసెంబర్‌లో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి కవిటి, సోంపేట, కంచిలి నుంచి వచ్చే రోగి ఇంటికెళ్లాక కూడా తినేది అక్కడి తిండే. తాగేది అక్కడి బోండామే.