విత్తనములు - పిండికణము

విత్తనము నెన్నుకొనునపుడు మన రైతులు ఎకరమున కెన్ని బస్తాలని యడుగుదురే గాని, అన్న మెట్లుండునని యడుగువారు తక్కువ. ఇది సరికాదని మా యభిప్రాయము.

అన్నము పొడిపొడిగా నుండుటయు, ముద్దకట్టుటయు చాలవఱకు పిండికణముల లోపలి కట్టడమునుబట్టి యుండును. బంగాళాదుంప కణములు కొన్ని మిల్లీమీటరులో పదవవంతుండును. కర్రపెండలపువి అంతకంటె చిన్నవి. వరివి మిక్కిలి చిన్నవి, కోణములు గలవి. సూక్ష్మదర్శినిలో చూపుటకు ముచ్చటయే గాని, రైతునకు వలసిన సంగతి లోపల నున్నది. ఏ కణమైనను ఉల్లిగడ్డవలె పొరలుపొరలుగా నేర్పడును. అందు అమైలోజు, అమైలోపెక్టిను అను రెండు పదార్థములు కలవు. మొదటిది దారమువంటిది, రెండవది చెట్టువలె కొమ్మలు వేసినది. బియ్యపు పిండిలో అమైలోజు నూటికి 25 పాళ్లు మించినచో అన్నము పొడిగానుండి, చల్లారినపుడు గట్టిపడును. 20 పాళ్లకు తగ్గినచో మెత్తబడి యంటుకొనును.

1986లో బాపట్లనుండి వెలువడిన సాంబమసూరికి (బి.పి.టి. 5204) అన్నపు గుణమే పేరు తెచ్చినది గదా! అన్నము నచ్చని ధాన్యమునకు బేరము తగ్గినచో ఆ నష్టము రైతుదే.

కావున సంఘములు విత్తనములు తెప్పించుటకు ముందే పరిశోధన స్థానమువారి నడిగి, దిగుబడితోపాటు అమైలోజు అంకెను గూడ కార్యాలయపు గోడపై వ్రాసి యుంచవలెను. సభ్యులును ఆ యంకె చూడనిదే సార్వా విత్తనమునకు పైకము కట్టరాదు.