తైవాన్‌లో దున్నేవాడికి భూమి ఎలా దక్కింది?

భూసంస్కరణల మాట వచ్చినప్పుడల్లా కొందరు మేధావులు మనకు తైవాన్‌ను చూపిస్తారు. పోరాటాలు లేకుండా, నెత్తురు చిందకుండా అక్కడి ప్రభుత్వం తనంతట తానే కౌలుదార్లకు భూమి ఇచ్చిందనీ, మన దగ్గర సంఘాలు ఊరికే జెండాలు మోశాయనీ అంటారు. భూమి ఇచ్చిన మాట నిజం. మిగతా కథను మాత్రం వాళ్లు దాటేస్తున్నారు.

తైవాన్ 1895 నుంచి 1945 దాకా జపాన్ వలస. చక్కెర ఫ్యాక్టరీలకు వలస ప్రభుత్వం ప్రాంతాలు పంచి పెట్టింది. ఏ ఫ్యాక్టరీ పరిధిలో పండిన చెరకు ఆ ఫ్యాక్టరీకే తోలాలి. ధర వాళ్లదే, కాటా వాళ్లదే. కంపెనీ కాటాకు చెరకు పండించేవాడే వెర్రివాళ్లలో మొదటివాడని అక్కడ సామెతే పుట్టింది. (మన చెరకు రైతులకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.) 1925లో ఎర్లిన్ రైతులు, ధర చెప్పాకే చెరకు నరకాలని ఎదురు తిరిగారు. పోలీసులు దిగి పెద్ద ఎత్తున అరెస్టులు చేశారు. మరుసటి ఏడాదే తైవాన్ రైతు సంఘం ఏర్పడింది. బడిపంతులు ఉద్యోగం వదిలి వచ్చిన జియాన్ జీ దాన్ని నడిపించాడు. సభ్యత్వం 20 వేలు దాటింది. 1929లో జపాన్ పోలీసులు దీవి అంతటా దాడులు చేసి ఆ సంఘాన్ని అణచివేశారు.

1945లో జపాన్ వెళ్లి చైనా కుమింటాంగ్ ప్రభుత్వం వచ్చింది. 1947 ఫిబ్రవరి 28న మొదలైన ప్రజల తిరుగుబాటును సైన్యం వేల మందిని చంపి అణచింది. స్థానిక పెద్దలు, చదువుకున్నవాళ్లు చాలామంది అందులో పోయారు. 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడిన చియాంగ్ కై షేక్ ఈ దీవికే చేరాడు. పంటలో సగం, కొన్నిచోట్ల అంతకు మించి ఉన్న కౌలును అదే ఏడాది 37.5 శాతానికి దించారు. 1953లో ‘దున్నేవాడికే భూమి’ చట్టం తెచ్చి, మధ్యరకం వరి పొలంలో సుమారు ఏడెకరాలకు మించి కౌలుకిచ్చిన భూమిని కొనేశారు. ఏటా పండే పంటకు రెండున్నర రెట్లు వెల కట్టారు. అందులో 70 శాతం ధాన్యం, చిలగడదుంపల లెక్కన బాండ్లు, 30 శాతం ప్రభుత్వ కంపెనీల వాటాలు. కౌలుదారు ఆ వెలను పదేళ్లలో వాయిదాల మీద కట్టుకున్నాడు.

ఇంత గట్టిగా ఎలా అమలైంది? పాలకులు సముద్రం దాటి వచ్చినవాళ్లు. దీవిలో వాళ్లకు సెంటు సొంత భూమి లేదు, భూస్వాములతో చుట్టరికమూ లేదు. చైనాలో తమకు అండగా నిలిచిన భూస్వాముల జోలికి పోని ఇదే పార్టీ, ఇక్కడ నిక్షేపంగా పంచగలిగింది. 1947 నెత్తురు చూసిన స్థానిక భూస్వామి నోరెత్తలేదు. పల్లెల్లో కమ్యూనిస్టులు పాగా వేస్తారన్న భయం ఉంది, అమెరికా ఒత్తిడీ ఉంది. అక్కడ సలహా ఇచ్చిన అమెరికా నిపుణుడు లాడెజిన్‌స్కీ మన దేశానికీ వచ్చి కౌలుదార్ల దుస్థితి మీద నివేదికలు రాశాడు. మన దగ్గర చట్టం చేసే సభల్లో భూస్వాములే కూర్చున్నారు. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ గరిష్ఠ పరిమితి చట్టం తరి భూమిలోనే కుటుంబానికి 10 నుంచి 27 ఎకరాలు ఉంచుకోనిచ్చింది. ఆంధ్రలో నేటికీ కౌలు పత్రానికి యజమాని సంతకం కావాలి.

అలాగని తైవాన్ రైతుకు అంతా కలిసి రాలేదు. భూమి పంచిన ప్రభుత్వమే 1951లో జియాన్ జీని కాల్చి చంపించింది. ఎరువు ప్రభుత్వం దగ్గరే దొరికేది. దానికి డబ్బు కాదు, ధాన్యం కొలవాలి. ఎంత ధాన్యానికి ఎంత ఎరువో సర్కారే తేల్చేది. ఎప్పుడూ ధాన్యం చవక, ఎరువు ప్రియం. 1948లో మొదలైన ఈ మారకం 1973 దాకా సాగింది. కౌలు కింద భూస్వామికి పోయేదానిలో కొంత ఇలా సర్కారు గిడ్డంగికి చేరి, సైన్యానికీ పట్టణాలకూ తిండి పెట్టింది. అడగడానికి సొంత సంఘం లేదు. రైతుల పేరిట ఉన్న సంఘాలు పార్టీ చేతిలో ఉండేవి. 1949లో పెట్టిన సైనిక శాసనం 38 ఏళ్లు నడిచింది.

1987 జూలైలో దాన్ని ఎత్తేశారు. ఏడాది తిరక్కుండానే, 1988 మే 20న, వేలాది రైతులు తైపేలో వీధికెక్కారు. అమెరికా నుంచి వచ్చి పడుతున్న వ్యవసాయ సరుకులను అరికట్టాలి, రైతులందరికీ బీమా కావాలి, ధాన్యం ధర పెంచాలి, రైతు సంఘాల కార్యనిర్వాహకులను పైనుంచి వడపోసి పెట్టే పద్ధతి పోవాలి అన్నారు. పోలీసులతో ఘర్షణ మర్నాటి దాకా సాగింది. వంద మందికి పైగా అరెస్టయ్యారు. రైతుల ఆరోగ్య బీమా 1989లో చట్టమైంది.