షేక్ ఇల్డెరిమ్ సొంత ఊరు

‘బెన్‌హర్’ అనగానే ఎవరికైనా రథాల పందెమే గుర్తొస్తుంది. పందేనికి ముందు ఒక గుడారం సీను ఉంది, అది చాలామంది మర్చిపోయి ఉంటారు. నాలుగు తెల్ల గుర్రాలు గుడారంలోకి వస్తాయి. గుబురు గడ్డం, మిడిగుడ్లు, వేళ్ళనిండా ఉంగరాలు ఉన్న అరబ్బు షేకు వాటిని పేరుపేరునా పలకరిస్తాడు. అంటారెస్, రైజెల్, ఆల్టెయిర్, అల్డెబరాన్ అని అన్నీ చుక్కల పేర్లే. ముద్దు పెట్టుకుంటాడు, బుజ్జగిస్తాడు, పడుకోమంటాడు. అన్నం తిన్న అతిథి త్రేన్చలేదని నొచ్చుకుంటాడు. దేవుడొక్కడే అంటే ఒప్పుకుంటాను గానీ పెళ్ళాం ఒక్కతే అంటే ఎలాగని నిజంగానే ఆశ్చర్యపోతాడు. మూడున్నర గంటల సినిమాలో ఈ షేక్ ఇల్డెరిమ్ కనబడేది కాసేపే. ఆ కాసేపటికే 1960లో ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ ఇచ్చారు. ఆ సినిమాకు దక్కిన పదకొండు ఆస్కార్లలో అదొకటి.

ఆ షేకు వేషం వేసిన నటుడి పేరు హ్యూ గ్రిఫిత్. వేల్స్ వాయవ్యాన ఉన్న ఆంగ్లసీ దీవిలో, మరియన్‌గ్లాస్ అనే పల్లెటూళ్ళో 1912 మే 30న పుట్టాడు. ఇంట్లోనూ వీధిలోనూ చర్చిలోనూ వెల్ష్ మాటే. అక్క ఎలెన్ రోజర్ జోన్స్ కూడా నటే; ఆవిడ మాత్రం ఆ గడ్డ మీదే ఉండి, వెల్ష్‌లోనే నటిస్తూ వచ్చింది. తమ్ముడు యూనివర్సిటీలో చేరాలని చూసి ఇంగ్లీషు పరీక్ష తప్పాడు. చదువు సాగకపోతే బ్యాంకు ఉద్యోగం చూసుకోమని పెద్దవాళ్ళు చెప్పడం అక్కడా ఉంది. బ్యాంకు గుమాస్తాగా చేరాడు. నాటకాలు దగ్గరవుతాయని లండన్‌కు బదిలీ చేయించుకున్నాడు. పట్టుబట్టి రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో సీటు తెచ్చుకునేసరికి యుద్ధం వచ్చిపడింది.

ఆరేళ్ళు రాయల్ వెల్ష్ ఫ్యుజిలియర్స్‌లో సిపాయి. ఆ కాలంలో కొంత మన దేశంలోనూ, బర్మా రంగంలోనూ గడిచింది. 1942లో మన ఉత్తరాంధ్ర కూలీలు ప్రాణాలు అరచేత పట్టుకుని ‘రంగం’ అని మనవాళ్ళు పిలిచే బర్మా నుంచి అడవులగుండా నడిచొచ్చింది ఆ యుద్ధంలోనే. తిరిగి స్టేజీ ఎక్కేనాటికి 1946. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. హీరో వేషాలకు ఆ వయసూ ఆ మొహమూ పనికిరావు. కిరీటం పెడితే రాజు, మాసిన కోటు తొడిగితే తాగుబోతు, రెంటికీ చాలిన మొహం అది. 1949లో స్వాన్సీలో లియర్ రాజు వేశాడు. 1964లో, షేక్‌స్పియర్ నాలుగు వందలవ జయంతి ఏడు, స్ట్రాట్‌ఫర్డ్‌లో ఫాల్‌స్టాఫ్ వేశాడు. ఇంగ్లీషు పరీక్ష తప్పిన కుర్రాడు షేక్‌స్పియర్ ఊళ్ళో ఫాల్‌స్టాఫ్ కావడం చూస్తే, ఆ పేపర్లు దిద్దినాయన ఎవరో గానీ జాలేస్తుంది.

సినిమాల్లో అతని వేషాల వరస చూడండి. ‘ఎక్సోడస్’లో సైప్రస్ వాడు. ‘హౌ టు స్టీల్ ఎ మిలియన్’లో ఆడ్రీ హెప్‌బర్న్ తండ్రి, దొంగ బొమ్మలు వేసి అమ్ముకునే పారిస్ పెద్దమనిషి. ‘ది ఫిక్సర్’లో యూదులంటే పడని రష్యన్, మూడేళ్ళు తిరక్కుండా ఇంకో సినిమాలో యూదు మతగురువు. ‘ది డే దె రాబ్డ్ ది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్’లో బ్యాంకు కొల్లగొట్టే ఐరిష్ ముఠాలో మనిషి. మాజీ గుమాస్తా ఆ వేషం ఎంత మనస్ఫూర్తిగా వేసి ఉంటాడో ఊహించుకోవచ్చు.

లండన్‌కూ హాలీవుడ్‌కూ పరాయి జాతివాడు ఎవడు కావలసి వచ్చినా గ్రిఫిత్‌కు కబురెళ్ళేది. వాళ్ళ లెక్కలో వెల్ష్‌వాడు పూర్తిగా మనవాడు కాడు, మరీ బయటివాడూ కాడు. మొహానికి రంగు పూస్తే ఏ దేశానికైనా సరిపోతాడు. అరబ్బు నటుడికి అరబ్బు వేషం ఇవ్వాలన్న ఆలోచనే లేని రోజులు. ఈ తరం కుర్రాళ్ళు ఆ రంగు చూసి మొహం చిట్లిస్తే తప్పు పట్టలేం. ఆ ఆస్కార్‌కు అంటిన మరక అది, కడిగితే పోదు.

అయినా ఆ సినిమాలోనే ఇంకో సీను ఉంది. పందెం కాయించడానికి షేకు రోమన్ల స్నానశాలకు వెళతాడు. వాళ్ళు అతన్ని ఎగాదిగా చూసి నవ్వుకుంటారు. నాలుగుకొకటి కాస్తాను, రోమనుకూ యూదుకూ ఉన్న తేడా అదీ అంటాడు పందెంలో బెన్‌హర్ ప్రత్యర్థి మెసాలా. అరబ్బుకు కూడానా అని ఇల్డెరిమ్ అందిస్తాడు. గొంతు పెంచడు. నవ్వు మొహం అలాగే ఉంటుంది, కళ్ళు మాత్రం నవ్వవు. చులకనగా చూసేవాళ్ళ మధ్య నిలబడి వాళ్ళ పొగరునే పెట్టుబడి చేసుకోవడం ఎలాగో ఆ నటుడికి తెలుసు. తను పుట్టిన ప్రాంతంలో బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో సిగ్గుపలక కట్టిన రోజులు అతని తాతల నాటివే. రంగు అబద్ధం, ఆ చూపు కాదు.

1963లో వచ్చిన ‘టామ్ జోన్స్’లో స్క్వైర్ వెస్టర్న్ మరో రకం. బురద, కుక్కలు, బూతులు, వేట. మళ్ళీ ఆస్కార్ నామినేషన్. ఒక సీనులో గుర్రం వెనక్కి విరుచుకుపడుతుంది. అది నిజంగా జరిగిన ప్రమాదమేననీ, షాటును అలాగే ఉంచేశారనీ, అప్పుడు ఆయన తాగి ఉన్నాడనీ చెబుతారు. తాగుడు ఆయన్ని చివరిదాకా వదల్లేదు. చివరి పదేళ్ళ సినిమాల్లో చాలా వాటిని తల్చుకోనక్కర్లేదు.

సొంత ఊరి మనుషుల వేషాలు ఎన్ని దొరికాయని వెతికితే లెక్క త్వరగానే అయిపోతుంది. 1949లో ‘ది లాస్ట్ డేస్ ఆఫ్ డాల్విన్’లో ముంపుకు గురయ్యే వెల్ష్ పల్లె పాదిరి. రిచర్డ్ బర్టన్‌కు అది మొదటి సినిమా. అదే ఏడు ‘ఎ రన్ ఫర్ యువర్ మనీ’. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళకు, 1978లో, బీబీసీ వేల్స్ తీసిన ‘గ్రాండ్ స్లామ్’. రగ్బీ మ్యాచి చూడ్డానికి పారిస్ వెళ్ళిన వెల్ష్ గుంపులో అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారం చేసే ముసలాయన, యుద్ధకాలంలో పరిచయమైన ఫ్రెంచి అమ్మాయి కోసం ఇన్నేళ్ళకు వెతుకుతుంటాడు. ఆస్కార్ వచ్చిన షేకును గౌరవించే వేల్స్ ఈ ముసలాయన్ను మాత్రం ఇంట్లో మనిషిలా చూసుకుంటుంది. ‘గ్రాండ్ స్లామ్’ కూడా ఇంగ్లీషు సినిమానే.

హ్యూ గ్రిఫిత్ 1980 మే 14న లండన్‌లో పోయాడు. అతని మాతృభాష వెల్ష్‌లో ఒక టీవీ ఛానెల్ ఇస్తామన్న మాట మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తప్పిందని, ఆ ఛానెల్ ఇవ్వకపోతే ఆమరణ నిరాహార దీక్షకు కూర్చుంటానని గ్విన్‌ఫర్ ఎవన్స్ అనే నాయకుడు ప్రకటించింది ఆ నెలలోనే. పొట్టి శ్రీరాములు పేరు తెలిసిన వాళ్ళం, భాష కోసం దీక్ష ఏమిటని మనం అడగం. సెప్టెంబరులో ప్రభుత్వం దిగొచ్చింది, దీక్ష అవసరం పడలేదు. 1982 నవంబరు 1న ఆ వెల్ష్ ఛానెల్ ఎస్4సి ప్రసారాలు మొదలయ్యాయి.