ఎలుగు వెంట్రుక, ఎలుగు బొమ్మ

మా సంఘం సభ్యుల్లో ఒకాయన ఈమధ్య ఒక వాదన లేవదీశారు. మాట్లాడే ఎలుగుబంట్ల కార్టూన్ సినిమాలు పిల్లల్లో మూఢనమ్మకాలు పెంచుతాయి కాబట్టి హేతువాదుల ఇళ్లలో వాటిని చూపించకూడదట. నేను ఒప్పుకోను.

కిందటి వేసవిలో మా తోడల్లుడు ఇందాలోని మా ఇంటికి వస్తూ మా మనవడికి ఒక తాయెత్తు తెచ్చారు. వాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడని విన్నారట. లోపల ఎలుగుబంటి వెంట్రుక ఉందనీ, కడితే భయం పోతుందనీ అన్నారు. అది ఎలుగు వెంట్రుకో, కొబ్బరి పీచో ఎవరు చూశారు? ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి. వోచరు లేని పద్దు నాకు మింగుడుపడదు.

నిజంగా ఎలుగుదే అయితే మరీ ఘోరం. మన గుడ్డెలుగు చెదలు, చీమలు, పళ్లు, తేనె తిని బతికే జంతువు. తల్లి పిల్లల్ని వీపు మీద మోస్తుంది. ఆ పిల్లలు పడిపోకుండా పట్టుకునేది ఆ పొడవాటి వెంట్రుకల్నే. ఎలుగును ఆడించి పొట్టపోసుకోవడానికి ఆ పిల్లల్నే ఎత్తుకొచ్చి, ముక్కు పొడిచి తాడు వేసేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, 2000 దాటాక కూడా ఆ ఆట సాగింది. తాయెత్తు అమ్మేవాడు ఇవేమీ చెప్పడు.

సినిమాలోదీ అబద్ధమే, కాదనను. 1967 నాటి డిస్నీ వారి ‘జంగిల్ బుక్’లో బలూ పాడతాడు, చిందులేస్తాడు. అసలు గుడ్డెలుగు ఎదురుపడితే మనిషి ముఖం చీరేస్తుంది. పిల్లలకు ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఇది తాను అబద్ధమని ఒప్పుకునే అబద్ధం. ఓలీ జాన్‌స్టన్, ఫ్రాంక్ థామస్ వంటివారు బొమ్మ మీద బొమ్మ చేత్తో గీస్తే బలూ కదిలాడు. వాళ్ల పేర్లు తెర మీద ఉన్నాయి. 2010లో అదే కథను మన హైదరాబాదులోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ కంప్యూటర్ బొమ్మలతో టీవీకి తీసింది.

మా మిత్రుడి కోపమంతా 2003 నాటి ‘బ్రదర్ బేర్’ మీద. అందులో ఆత్మలు ఒక కుర్రవాణ్ణి ఎలుగుగా మార్చేస్తాయి. నిజమే. అయితే వాడు చంపిన ఎలుగుకు ఒక పిల్ల ఉందనీ, ఆ పిల్లే తన వెంట తిరుగుతోందనీ వాడికి తెలిసే ఘట్టం చూశారా? వెంట్రుక కోసం ఎలుగును పీడించేవాడికి చూపించాల్సిన సినిమా అది. దాన్ని చాలావరకు ఫ్లారిడాలోని డిస్నీ స్టూడియోలో చేత్తో గీశారు. ఆస్కార్ పోటీకి ఎంపికైన నెలలోనే, అంటే 2004 జనవరిలోనే, ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు ప్రకటించారు. గీసినవాళ్లను ఏ ఆత్మా ఆదుకోలేదు.

నా ఫిర్యాదల్లా టీవీవాళ్ల మీద. చివర్లో పేర్లు రాగానే కత్తిరించి ప్రకటన వేస్తారు. ఈ ఎలుగును మనుషులు చేశారని పిల్లవాడికి తెలిసే చోటు అదొక్కటే. అందుకే మా ఇంట్లో సీడీ వేస్తే పేర్లు అయిపోయేదాకా కట్టేయం. మనవడు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు.

ఆ రోజు వాడు తాయెత్తును అటూ ఇటూ తిప్పి చూసి, “చిన్నతాతా, దీన్ని ఎవరు చేశారు? పేరు లేదేం?” అని అడిగాడు. తోడల్లుడు సంతలో కొన్నానన్నారు.