కరెంటు తక్కువొస్తే మోటారెట్టా కాలుద్ది?

మా పెద్దమ్మ కొడుకు బావి దగ్గరి మోటారు ఒకే ఏడాదిలో మూడోసారి కాలింది. వైండింగు షాపువాడు విప్పి చూడకముందే ఇంట్లో తీర్పు అయిపోయింది. మిరప విరగకాసింది, ఊరి కళ్లు పడ్డాయి, అంతే. స్టార్టర్ డబ్బా లోపల, సరిగ్గా టెర్మినళ్ల నెత్తిన, ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి వేలాడుతున్నాయి.

వోల్టేజి తక్కువై కాలిందన్నాను. అన్నయ్య నవ్వాడు. "కరెంటు తక్కువొస్తే మోటారు చల్లగా ఉండాలి గదరా. తక్కువ కరెంటుకి కాలుద్దా ఎక్కడన్నా?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. జవాబు దొరకని చోట దిష్టి వచ్చి కూర్చుంది. చిక్కంతా ఆ 'కరెంటు' అనే మాటలో ఉంది. మనకు కరెంటు పోతుంది, కరెంటు కొడుతుంది, కరెంటు బిల్లొస్తుంది, కరెంటు తక్కువొస్తుంది. వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, యూనిట్లు అన్నిటికీ కలిపి ఒకటే మాట వాడుకుంటున్నాం. తీగలోకి తోసే ఒత్తిడి వోల్టు. తీగలో నడిచే ప్రవాహం ఆంపియరు. ఈ రెంటినీ గుణిస్తే వాట్లు, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నిరోధం, అంటే ఓములు. ఐదో తరగతి గుణకారం, భాగహారం వస్తే చాలు.

అన్నయ్య తర్కం ఇస్త్రీపెట్టె విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. 230 వోల్టుల దగ్గర వెయ్యి వాట్ల పెట్టె 4.35 ఆంపియర్లు లాగుతుంది, దాని నిరోధం సుమారు 53 ఓములు. ఆ 53 పెద్దగా మారదు. అందుకని 185 వోల్టులే వస్తే మూడున్నర ఆంపియర్లే నడుస్తాయి, వేడి 650 వాట్లకు పడిపోతుంది, చొక్కా ముడతలు పోవు.

మోటారు అలా కాదు. తిరిగేటప్పుడు అదే లోపల ఒక ఎదురు వోల్టేజి పుట్టించి, వచ్చే ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. వోల్టులు తగ్గితే కాస్త నెమ్మదిస్తుంది, అడ్డు తగ్గుతుంది. బావిలో నీళ్లు మాత్రం అంతే లోతులో ఉంటాయి, పైకి ఎత్తాల్సిన బరువూ దాదాపు అంతే. లోటు పూడ్చుకోవడానికి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. నేమ్‌ప్లేట్ మీద ఐదు హార్స్‌పవర్, 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు అని ఉంది. వైండింగు చేయించి తెచ్చి బిగించాక టాంగ్ టెస్టర్ తగిలించి చూస్తే, ఫేజుకూ ఫేజుకూ మధ్య 320 వోల్టులు, తీగలో 9.6 ఆంపియర్లు. కరెంటు తక్కువొచ్చిన రోజునే కరెంటు ఎక్కువ నడిచింది! మన మాటల ఇరుకు అది.

వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1840 ప్రాంతంలో మాంచెస్టర్ దగ్గర బీరు కాచే వ్యాపారి కొడుకు జేమ్స్ జూల్ నీళ్లలో తీగచుట్టలు ముంచి థర్మామీటరుతో కొలిచి చెప్పిన సంగతి ఇది. 7.5 కాస్తా 9.6 అయితే వైండింగులో వేడి 64 శాతం ఎక్కువ. తీగ మీది వార్నిష్ ఇన్సులేషను పది డిగ్రీలు వేడెక్కినప్పుడల్లా ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల మోటు లెక్క. దీన్ని ఆపడానికే స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే పెడతారు. అది మాటిమాటికీ పడిపోతోందని ఎవరో దాన్ని డైరెక్ట్ చేసేశారు. కాపలాకు మిగిలింది నిమ్మకాయ ఒక్కటే.

ఇంకొకటి. రెండోసారి కాలినప్పుడు వాస్తు చూసే ఆయన్ని పిలిచారు. అగ్ని సంబంధమైంది ఆగ్నేయంలోనే ఉండాలని స్టార్టరుని అటు మార్పించాడు. దాంతో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అరవై మీటర్లు పెరిగింది. అంత తీగ నిరోధం 0.41 ఓము. 9.6 ఆంపియర్లు నడిస్తే ఒక్కో తీగలో నాలుగు వోల్టులు దిగిపోతాయి, మూడు తీగల్లో కలిపి సుమారు 115 వాట్లు వేడిగా పోతాయి. అసలే తక్కువున్న వోల్టేజి ఫేజుల మధ్య మరో ఏడు తగ్గింది. వాస్తువల్ల మోటారుకి ఏమీ కాలేదని అనలేం మరి.

నిమ్మకాయకు విద్యుత్తుతో సంబంధం లేదనీ అనలేం. రాగిముక్కా జింకుముక్కా గుచ్చితే సుమారు 0.9 వోల్టు ఇస్తుంది. అర మిల్లీఆంపియర్ నడిచిందనుకుంటే అర మిల్లీవాటు కూడా లేదు. ఐదు హార్స్‌పవర్లకు ఎనభై లక్షల పైచిలుకు కాయలు కావాలి.

వోల్టుకూ ఆంపియరుకూ లంకె కనిపెట్టిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలో తాళాలు చేసేవాడి కొడుకు, బడిపంతులు. 1825లో ఆయన ప్రకటించిన సూత్రం తప్పు. ఆయన వాడిన బ్యాటరీ బలం నిలకడగా ఉండేది కాదు. దాన్ని పక్కనపెట్టి, రాగి–బిస్మత్ జంటకు ఒక కొస మంచులో, ఒక కొస మరిగే నీళ్లలో ఉంచి నిలకడైన వోల్టేజి తెచ్చుకుని మళ్లీ కొలిచాడు. 1826లో తన సూత్రాన్ని తనే దిద్దుకున్నాడు, 1827లో పుస్తకం వేశాడు. సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు, లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చేసరికి 1841. తప్పయితే తప్పని తేలే పద్ధతి ఆయనది. మోటారు మూడుసార్లు కాలాక కూడా దిష్టి తప్పని తేలలేదు, "దిష్టి గట్టిది" అని మాత్రం తేలింది.

ఇందులో లాభపడేవాళ్లున్నారు, ట్రాన్స్‌ఫార్మర్ వేయాల్సినవాళ్లు. ఈ మోటారుకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది 25 కేవీఏ. ఒక్కో ఐదు హార్స్‌పవర్ మోటారు 5.4 కేవీఏ, నాలుగు హాయిగా మోస్తుంది. దాని మీద ఏడున్నాయి, దాదాపు 38. పైగా అన్నిటికీ ఆటో స్టార్టర్లు, కరెంటు రాగానే ఏడూ ఒక్కసారిగా లేస్తాయి. తప్పు పక్కింటివాడి కళ్లది అనుకున్నన్నాళ్లూ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయమని ఎవరూ ఎవరినీ అడగరు.

రిలే మళ్లీ కలిపించాం, 7.5 దగ్గర పెట్టించాం. డబ్బా తలుపు లోపలివైపు అన్నయ్య సుద్దముక్కతో రోజూ రెండంకెలు రాస్తున్నాడు, వోల్టులు ఒకటి, ఆంపియర్లు ఒకటి. నిమ్మకాయ తీసేయమని నేననలేదు. రసం టెర్మినళ్ల మీద కారకుండా డబ్బా బయట కట్టుకోమన్నాను.